హరితపథం నుండి కడలితీరానికి

బైక్ అనగానే తెలుగువారికి మోటారు సైకిలే గుర్తుకు వస్తుంది. ఇంగ్లీషు మాట్లాడే దేశాలలో ఆ మాటకు సైకిలు అనే అర్థం కూడా బాగా వాడుకలో ఉంది. అక్కడివారు రోడ్ బైక్ అనేది చదునైన రోడ్డు మీద దూరప్రయాణానికి అనువుగా తయారైన తేలికపాటి సైకిలును. పాలక్యాన్లనూ గడ్డిమోపులనూ మోసే మన సైకిలుతో దీనికి పోలిక తక్కువ. బరువు ఎనిమిది నుండి పది కిలోలు ఉంటుంది. టైరు వెడల్పు రెండున్నర, మూడు సెంటీమీటర్లకు మించదు. స్టాండు, క్యారియర్, చైను కవరు ఉండవు. హ్యాండిల్ మాత్రం పొట్టేలు కొమ్ముల వలె ముందుకు సాగి కిందికి వంగి ఉంటుంది. తొక్కేవారు నడుము వంచి ఆ కొమ్ములను పట్టుకుంటే గాలికి ఎదురయ్యే దేహభాగం తగ్గుతుంది. ఇది చిన్న విషయం కాదు. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. కనుక చదును నేల మీద వేగంగా పోయే సైకిలిస్టు శ్రమలో అధికభాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది.

ఇటువంటి సైకిలు మీద పోయేవారికి దారి స్వభావం కంటికన్నా ముందు కాళ్లకు తెలుస్తుంది. కారులో కూర్చున్నవారు గమనించని ఎత్తును మోకాళ్లు గుర్తిస్తాయి. గులకరాళ్ల గరుకుదనం అరచేతులకు అందుతుంది. ఒకే ప్రాంతంలో పక్కపక్కనే ఉన్న రెండు రకాల దారులను ఇలా తొక్కి చూస్తే, వాటిని ఎవరు, ఎందుకోసం వేశారో కూడా కొంత బోధపడుతుంది. ఐర్లండు పశ్చిమతీరంలోని మేయో కౌంటీలో అటువంటి రెండు దారులున్నాయి. ఒకటి గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే. రెండవది అది ముగిసే చోట మొదలయ్యే అకిల్ దీవి తీరపు రోడ్డు.

గ్రీన్‌వే అంటే మోటారు వాహనాలకు ప్రవేశం లేకుండా నడిచేవారికి, సైకిళ్లవారికి ప్రత్యేకించిన దారి. హరితపథం అనవచ్చు. పచ్చదారి అంటే ఇంకా తేలికగా నోటికి వస్తుంది. హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ మార్గం సౌరఫలకాల నీడలో సాగుతుంది. అది కొత్తగా వేసిన దారి. మేయోలోని దారి అలాంటిది కాదు. వెస్ట్‌పోర్ట్ పట్టణం నుండి న్యూపోర్ట్, మల్రానీ గ్రామాల మీదుగా అకిల్ జలసంధి వరకు దాదాపు 42 కిలోమీటర్లు సాగే ఈ హరితపథంలో ఎక్కువ భాగం ఒకప్పటి రైలుకట్ట.

ఆ రైలు కథ తెలియాలంటే ముందు ఆ నేల కథ తెలియాలి. 1845లో మొదలైన బంగాళాదుంప తెగులు వల్ల ఐర్లండులో మహాక్షామం ఏర్పడింది. సుమారు పదిలక్షల మంది మరణించారు. అంతకు తక్కువ కాని సంఖ్యలో ప్రజలు దేశం విడిచిపోయారు. మేయో వంటి పశ్చిమ ప్రాంతాలు అందరికంటే ఎక్కువగా నష్టపోయాయి. ఆ తరువాత కూడా కౌలురైతుల బతుకు భూస్వాముల దయ మీదనే ఆధారపడింది. మైకేల్ డేవిట్ 1846లో పుట్టింది ఈ మేయోలోనే. అతనికి నాలుగేళ్లప్పుడు కౌలు చెల్లించలేని ఆ కుటుంబాన్ని ఇంటి నుండి వెళ్లగొట్టారు. వారు ఇంగ్లండుకు వలసపోయారు. అక్కడ పదకొండేళ్ల వయసులో నూలుమిల్లు యంత్రంలో పడి డేవిట్ కుడిచేయి పోయింది. అతడే 1879లో భూమి సమితి స్థాపకులలో ముఖ్యుడైనాడు. మరుసటి సంవత్సరం ఆ ఉద్యమంలో భాగంగా మేయో రైతులు చార్లెస్ బాయ్‌కాట్ అనే భూస్వామి ప్రతినిధికి పని చేయడం, సరుకులు అమ్మడం, చివరకు పలకరించడం కూడా మానుకున్నారు. మన పత్రికలలో నిత్యం కనిపించే బాయ్‌కాట్ అనే మాట ఆ విధంగా పుట్టింది. ఆ తరువాత వచ్చిన చట్టాల వల్ల కౌలుదారులు క్రమంగా భూమికి సొంతదారులయ్యారు.

అయితే భూమి దక్కినా అది కడుపు నింపేది కాదు. రాతినేల, బురదనేల, చిన్న చిన్న కమతాలు. అకిల్ దీవి యువతీయువకులు ప్రతి ఏటా వేసవిలో స్కాట్లండుకు పోయి బంగాళాదుంపలు తవ్వే కూలి చేసుకుని, ఆ డబ్బుతో శీతకాలం గడిపేవారు. పాలమూరు కూలీల వలసను ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ జీవనవిధానాన్ని విడమరచి చెప్పనవసరం లేదు. ఇటువంటి పేద ప్రాంతాలకు పని, రవాణా కల్పించాలని ప్రభుత్వం ఇచ్చిన ధనసహాయంతో వెస్ట్‌పోర్ట్ నుండి రైలుమార్గం పొడిగింపు జరిగింది. 1894లో న్యూపోర్ట్, మల్రానీలకు, 1895లో అకిల్ జలసంధికి రైలు చేరింది. చేపలు, సరుకులు, యాత్రికులతో పాటు వలసకూలీలు కూడా దాని మీద ప్రయాణించారు. 1937లో ఆ మార్గం మూతపడింది. పట్టాలు తొలగించారు. కట్ట కింది నేల ముక్కలుగా పక్క రైతుల చేతికి వచ్చింది. గడ్డి మొలిచింది, గొర్రెలు మేశాయి.

డెబ్బై ఏళ్లకు పైగా గడిచాక ఆ కట్టను మళ్లీ దారిగా మార్చాలన్న ఆలోచన వచ్చినప్పుడు అసలు చిక్కు ఇక్కడే ఎదురైంది. దారి కావాలి, నేల మాత్రం రైతులది. అడ్డుగా నిలిచే ఒక్క కమతం ఉన్నా దారి తెగిపోతుంది. భూమి కోసం అంత పోరాటం జరిగిన గడ్డ మీద బలవంతపు భూసేకరణ అంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మేయో కౌంటీ పాలకమండలి ఆ మార్గం తొక్కలేదు. ఒక్కొక్క రైతునూ అడిగి అనుమతి తీసుకుంది. భూమిపై హక్కు రైతుదే. నడిచే అవకాశం మాత్రమే ప్రజలది. అది కూడా రైతు ఇష్టపూర్వకంగా ఇచ్చినది. 2010లో న్యూపోర్ట్-మల్రానీ భాగం, 2011లో మొత్తం దారి ప్రారంభమయ్యాయి. దారికి అడ్డంగా అక్కడక్కడ కనిపించే గేట్లు ఈ ఒప్పందానికి గుర్తులు. సైకిలు దిగి, గేటు తీసి, దాటి, మళ్లీ వేయవలసిందే. వేయకుండా పోతే గొర్రెలు పక్క పొలంలో పడతాయి. వేగమే ధ్యేయంగా వచ్చినవారికి ఇది విసుగు కలిగించవచ్చు. కానీ ఇతరుల పొలంలో నుండి పోతున్నామన్న స్పృహ కలిగించడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

రైలుకట్ట కావడం వల్ల ఈ దారికి ఒక విశేషగుణం అబ్బింది. ఉక్కుచక్రం ఉక్కుపట్టా మీద నిటారు ఎత్తును ఎక్కలేదు. అందుకని ఇంజనీర్లు గుట్ట వచ్చిన చోట తవ్వి, పల్లం వచ్చిన చోట కట్ట పోసి, ఏరు వచ్చిన చోట వంతెన కట్టి నేలను సాపు చేశారు. న్యూపోర్ట్‌లో ఎర్ర ఇసుకరాతితో కట్టిన ఏడు కమానుల వంతెన నేటికీ నిలిచి ఉంది. వందేళ్ల కిందటి కూలీల పార పని ఫలితాన్ని నేటి సైకిలిస్టు మోకాలు అనుభవిస్తున్నది. సైకిలు గేరు మార్చే అవసరం కూడా అరుదు. ఉత్తరాన పీట్ నేలలూ కొండలూ, దక్షిణాన చిన్న చిన్న దీవులతో నిండిన క్లూ అఖాతం, దాని ఆవల 764 మీటర్ల ఎత్తున శంఖాకారంలో క్రో పాట్రిక్ శిఖరం. ఆ అఖాతంలో రోజుకొక్కటి చొప్పున 365 దీవులున్నాయని స్థానికులు అంటారు. లెక్క మాట ఎలా ఉన్నా ఆ అతిశయోక్తి అందమైనది. రోడ్డు సైకిలుకు మాత్రం ఒక ఇబ్బంది ఉంది. దారిలో చాలా భాగం తారు కాదు. రాతిపొడి పరచి గట్టిగా దిమ్మిస చేసినది. సన్నటైరు తడిలో జారుతుంది. మూడు సెంటీమీటర్లకు దగ్గరగా ఉన్న టైరును ఎంచుకుని గాలి కాస్త తగ్గించుకున్నవారికి సుఖం.

అకిల్ జలసంధి వద్ద పచ్చదారి ముగుస్తుంది. దీవిని ప్రధానభూమితో కలిపే వంతెనకు మైకేల్ డేవిట్ పేరే ఉంది. 1887లో మొదటి వంతెనను ప్రారంభించినవాడూ అతడే. నేడున్నది 2008 నాటి కొత్త వంతెన. అది దాటగానే తారురోడ్డు, దానితోపాటు వాహనాలు. మన దేశంలో వలెనే అక్కడా ఎడమవైపునే పోవాలి. 2014లో ప్రకటించిన, సుమారు 2,500 కిలోమీటర్ల వైల్డ్ అట్లాంటిక్ వే అనే తీరమార్గంలో ఇది ఒక భాగం.

ఇక్కడ నేలను సాపు చేసినవారు ఎవరూ లేరు. ఊరి నుండి ఊరికి, కొండవాలు ఎలా ఉంటే అలా దారి పోతుంది. పడమట కీల్ ఇసుకతీరం, డూవా గ్రామం దాటాక కొండ అంచున ఎక్కి, కీమ్ అనే చిన్న అఖాతంలోకి దిగుతుంది. ఎడమపక్క లోతున సముద్రం ఉంటుంది. ఎక్కేటప్పుడు అతిచిన్న గేరు, దిగేటప్పుడు రెండు బ్రేకులు అవసరమవుతాయి. పైన చెప్పిన బాయ్‌కాట్, మాటగా మారకముందు, చాలా ఏళ్లు ఈ పరిసరాలలోనే కాపురమున్నాడు. విశాఖపట్టణం నుండి భీమునిపట్టణం పోయే తీరపు దారిలో సైకిలు తొక్కినవారికి సముద్రపు గాలి పరిచితమే. కానీ అకిల్‌కు పడమట అమెరికా వరకు గాలిని అడ్డే నేల లేదు. ఆ గాలి ఎక్కువగా పడమటి దిక్కుల నుండే వీస్తుంది. కనుక పోయేటప్పుడు వంగిన కొమ్ములే దిక్కు, వచ్చేటప్పుడు గాలే తోడు.

కీమ్ నుండి వెనుదిరిగి దక్షిణాన డూయేగా గ్రామం మీదుగా కొండలెక్కి దిగితే, మెలికలు తిరిగిన దారి ఆష్లీమ్ అఖాతం పక్కగా దీవి దక్షిణపు కొసకు చేరుతుంది. అక్కడ ఉత్తరానికి మళ్లి జలసంధి ఒడ్డున కొద్దిదూరం పోగానే కిల్డావ్నెట్ వస్తుంది. నీటి అంచున ఒక పాత రాతిబురుజు, దానికి సమీపంలో శ్మశానం.

1894 జూన్‌లో స్కాట్లండు కూలికి బయలుదేరిన అకిల్ యువజనులు వెస్ట్‌పోర్ట్ రేవులోని ఓడను అందుకోవడానికి తెరచాప పడవలో పోయారు. ఓడ కనబడిన ఆనందంలో అందరూ ఒకే వైపుకు ఒరిగారు. పడవ బోల్తా పడి ముప్పై మందికి పైగా మునిగిపోయారు. వారిలో ఎక్కువమంది ఆడపిల్లలు. అప్పటికి అకిల్ రైలుమార్గం లాంఛనంగా ప్రారంభం కాలేదు. అయినా శవపేటికలతో ఒక ప్రత్యేక రైలు ఆ పట్టాల మీద వచ్చింది. 1937 సెప్టెంబరులో స్కాట్లండులోని కర్కిన్‌టిల్లోక్ పట్టణంలో కూలీలు పడుకున్న పాకకు నిప్పంటుకుని పదిమంది అకిల్ కుర్రవాళ్లు మరణించారు. అందరిలో చిన్నవానికి పదమూడేళ్లు. వారి శవపేటికలు కూడా అదే మార్గంలో వచ్చాయి. మార్గం మూతపడింది ఆ సంవత్సరమే. నిప్పులు కక్కే బండ్లు మొదటిసారీ చివరిసారీ శవాలనే మోసుకొస్తాయని 17వ శతాబ్దపు జోస్యగాడు ఒకడు ముందే చెప్పాడని అకిల్‌లో చెప్పుకుంటారు. జోస్యాన్ని నమ్మినా నమ్మకపోయినా, స్కాట్లండులో కూలీలకు సరైన వసతి లేదన్న సంగతి ఆనాడు అందరికీ తెలిసినదే.

రెండు దుర్ఘటనల మృతులూ కిల్డావ్నెట్‌లోనే ఉన్నారు. సైకిలును గోడకు ఆనించి లోపలికి పోయి ఆ పేర్లు చదివేవారున్నారు. అక్కడి నుండి అకిల్ జలసంధి వంతెనకు కొద్ది కిలోమీటర్లే దూరం. వంతెన దాటితే మళ్లీ రైలుకట్ట మొదలవుతుంది. తిరుగుదారిలో గాలి వెనుక నుండి తోస్తుంది, గేట్లు మాత్రం ఒక్కొక్కటే దిగి తీయాలి, దిగి వేయాలి.