కొవిడ్ తర్వాత తీర్థయాత్రలు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం

దేశంలోపలి తీర్థయాత్రలు: రాష్ట్ర జాబితా, 7వ అంశం. విదేశీ తీర్థయాత్రలు: కేంద్ర జాబితా, 20వ అంశం. పోటీ పరీక్షల్లో తికమక పెట్టే బిట్ ఇదే.

పురావస్తు శాఖ కట్టడాల మూత: 2020 మార్చి 17. పూజలు జరిగే 820 కట్టడాలు తెరవడానికి అనుమతి: జూన్ 8.

కేంద్రం ఊరట (2021 జూన్ 28): ట్రావెల్ ఏజెన్సీలకు రూ.10 లక్షలు, గుర్తింపు పొందిన గైడ్లకు రూ.లక్ష వరకు రుణం. 100 శాతం హామీ.

లేపాక్షి (హిందూపురం సమీపం): వీరభద్రాలయం, అచ్యుతదేవరాయల కాలం, నిర్మాతలు విరూపణ్ణ, వీరణ్ణ. యాత్రికులు వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగుతారు. బిట్ వచ్చేది మాత్రం యునెస్కో తాత్కాలిక జాబితా (2022 మార్చి) మీదే. ఆప్షన్లలో ‘ప్రపంచ వారసత్వ హోదా’ కనిపిస్తే తప్పు. ప్రధాని సందర్శన: 2024 జనవరి 16.

పెనుకొండ: 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని, బాబయ్య దర్గా.

ధర్మవరం: పట్టుచీరలు, జీఐ గుర్తింపు.

మూడూ శ్రీసత్యసాయి జిల్లాలోనే. ఏర్పాటు 2022 ఏప్రిల్ 4, కేంద్రం పుట్టపర్తి.