నేతల మాట - ఓటరు తూకము

మాటలు కోటలు దాటునుగాని కాలు గడప దాటదని మన పెద్దలు అందురు. ఉర్దూలో 'ఖౌల్', 'ఫేల్' అను పదములను జంటగా వాడుట పరిపాటి. మొదటిది పలుకు, రెండవది పని. ఈ రెంటికిని నడుమ గల దూరమును ఎన్నికలనాడు కొలుచువాడు ఓటరు. చదువు లేనివాడు ఉపన్యాసములకు మోసపోవునని చదువుకొన్నవారిలో ఒక అపోహ కలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎన్నికల చరిత్రను పరిశీలించినచో ఈ అపోహకు ఆధారము కనిపించదు.

ఓటరు పనినే ఏల చూచును? వాగ్దానము రేపటికి చెందినది. దానిని పరీక్షించు సాధనము అతని చేతిలో లేదు. పని నిన్నటికి చెందినది. దాని ఫలితము అతని ఇంటిలోనే ఉన్నది. రేషను కార్డుపై బియ్యము వచ్చినదా, బోరింగులో నీరు పడినదా అని తెలిసికొనుటకు ఎన్నికల ప్రణాళికను చదువనక్కరలేదు. అమెరికను రాజనీతి శాస్త్రజ్ఞుడు వి.ఓ. కీ 1966లో వెలువడిన గ్రంథమున ఈ విషయమునే ప్రతిపాదించెను. ఓటర్లు జరిగిన పాలనను బట్టి తీర్పు చెప్పుదురని ఆయన వాదము. రైతు కూడ నిరుడు మొలకెత్తిన విత్తనమునే ఈ ఏడు అడుగును గదా!

దీనికి ఒక ఆక్షేపణ కలదు. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశము, పాలనానుభవము ఏమియు లేకయే, కిలో రెండు రూపాయల బియ్యము వాగ్దానముతో 1983 జనవరిలో రెండు వందలకు పైగా స్థానములు గెలిచెను. ఇది మాటకు దక్కిన గెలుపు కాదా? అప్పటి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వము ఎన్నికలకు ముందే రూపాయి తొంభై పైసలకు బియ్యము ఇవ్వనారంభించెను. అనగా పని కాంగ్రెసుది, అందులోను పది పైసలు చౌక, మాట రామారావుది. అయినను ఓటరు రెండవవానినే ఎన్నుకొనెను. మా అభిప్రాయములో ఇది పైసూత్రమునకు విరుద్ధము కాదు. ఐదేండ్లలో నలుగురు ముఖ్యమంత్రులు మారిన పాలనను ఓటరు చూచియున్నాడు. ఓట్లు దగ్గరపడినప్పుడు చేసిన మేలును అతడు పనిగా గాక, మరొక మాటగానే లెక్కించెను. పనికి కూడ కాలము ఉండవలెను.

రామారావు మాట 1983లోనే పనిగా మారెను. 1984 ఆగస్టులో ఆయనను పదవినుండి తొలగించినప్పుడు ప్రజలు వీధులకెక్కిరి. నెల తిరుగునప్పటికి ఆయన మరల ముఖ్యమంత్రి అయ్యెను. 1985లో 202 స్థానములు వచ్చెను. కాని 1989లో అదే బియ్యము అందుచుండగనే ఆయన పార్టీ 74 స్థానములకు దిగజారెను. కల్వకుర్తిలో ఆయనయే ఓడెను. అందిన మేలు కొంతకాలమునకు హక్కుగా మారును. హక్కుగా మారినదానికి మరల ఓటు పడదు. అప్పుడు మంత్రులందరిని ఒక్కసారిగా తొలగించుట వంటి ఇతర చేతలు తూకములోనికి వచ్చును. తరువాతి కాంగ్రెసు ప్రభుత్వము బియ్యము ధరను మూడున్నర రూపాయలకు పెంచెను. 1994లో ఆ పార్టీకి మిగిలినవి 26 స్థానములు మాత్రమే. ఆ నడుమ నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమము స్త్రీల ఓటునకు పదును పెట్టెను. మగని కూలి సారా దుకాణమునకు పోవుచున్నదో, ఇంటికి వచ్చుచున్నదో ఇల్లాలికి తెలిసినంతగా ఏ పత్రికకు తెలియును?

అయితే ఈ తూకము దోషరహితమని మేము చెప్పజాలము. 1975-77 నాటి ఎమర్జెన్సీని తీసికొందము. నిర్బంధ కుటుంబ నియంత్రణను చవిచూచిన ఉత్తరప్రదేశ్‌లోని 85 స్థానములలోను, బీహారులోని 54 స్థానములలోను 1977లో కాంగ్రెసుకు ఒక్కటియు దక్కలేదు. అదే ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్ 42 స్థానములకు 41 కాంగ్రెసుకే ఇచ్చెను. మిగిలిన నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గెలిచెను. ఆ నిర్బంధము ఇక్కడ అంత తీవ్రముగ లేకుండుటయే దీనికి ముఖ్య కారణమని మా భావన. అనగా ఓటరు తనకు తగిలిన పనిని తూచును. పొరుగువానికి తగిలిన దెబ్బ అతని త్రాసులో తేలికగానే ఉండును. పత్రికలపై సెన్సారు ఉన్నకాలములో పొరుగువాని మాట అతనిదాక వచ్చు మార్గము కూడ సన్నగిల్లెను.

అరువది యొకటవ రాజ్యాంగ సవరణ వలన 1989నుండి పదునెనిమిదేండ్లకే ఓటుహక్కు కలిగినది. ఈ సంచికను చదువు మన విద్యార్థులలో పలువురు వచ్చు ఎన్నికలలో తొలిసారి వరుసలో నిలుతురు. తమ వాడలో వేసిన రోడ్డును వారు తప్పక చూతురు. ప్రక్కవాడలో వేయని రోడ్డును చూతురా అన్నదే మా సందేహము.