నిలిపిన బండికి విశ్రాంతి లేదు

అనంతపురం,
2021 మే నెలాఖరు

చిరంజీవి అల్లునికి,

నువ్వు ఫోన్‌లో నీ క్యాంపర్ వ్యాన్ గురించి అడిగినదానికి రెండు మాటల్లో జవాబు కుదరదని ఈ ఉత్తరం రాస్తున్నాను. "కరోనా కర్ఫ్యూ కదా, బండి ఎటూ పోయేది లేదు, రోజూ పొద్దున ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తున్నా, చాలు కదా మామా" అన్నావు. చాలదు. నిజానికి అలా చేసేకంటే ఊరుకోవడం మేలు.

డీజిల్ ఇంజిన్ సెల్ఫ్ కొట్టిన ఆ రెండు మూడు సెకన్లలో బ్యాటరీ నుంచి వందల ఆంపియర్లు గుంజుతుంది. ఐడిలింగ్‌లో ఆల్టర్నేటర్ మెల్లగా తిరుగుతుంది, అది ఐదు నిమిషాల్లో తిరిగి ఇచ్చేది కొంచెమే. అంటే నువ్వు రోజూ కొంత తీస్తున్నావు, తీసినంత పెట్టడం లేదు. రెండో నష్టం కంటికి కనపడదు. డీజిల్ మండితే పొగతో పాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. ఐదు నిమిషాలకే ఆపేస్తే అది సైలెన్సర్లో, ఇంజిన్ ఆయిల్లో నీరుగా దిగిపోతుంది. మీటరులో ముల్లు పైకి లేచింది కదా అనుకోవద్దు. అది చూపేది కూలెంట్ వేడి. ఆయిల్ వేడెక్కడానికి ఇంకా టైం పడుతుంది. బీఎస్-6 డీజిల్ బళ్లకైతే ఇంకో చిక్కు కూడా ఉంది. వాటిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది శుభ్రపడాలంటే బండి రోడ్డు మీద వేడిగా నడవాలి. నీది పాత బీఎస్-4 కాబట్టి ఆ బాధ నీకు లేదు.

కాబట్టి నీ ముందు రెండే దారులున్నాయి. నడపగలిగితే పది పదిహేను రోజులకొకసారి కనీసం అరగంట నడుపు. గేర్లన్నీ పడాలి, బ్రేకులు పనిచేయాలి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిరగాలి. నడపలేకపోతే బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పేసి ఇంజిన్‌ను ముట్టుకోకు. పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా సడలింపు ఉంది కదా అని ఊరి మీదికి తీసుకుపోవద్దు. ఆ గంటలు సరుకులకూ మందులకూ ఇచ్చినవి. మన చేనిలోకి పోయే బండిబాట ఉంది, అరగంట తిరగడానికి అది చాలు.

నీ బండిలాంటి చక్రాల మీద ఇల్లు మన జిల్లాకు కొత్తేమీ కాదు. 1982లో ఎన్టీఆర్ షెవ్రోలే వ్యాన్‌ను చైతన్యరథంగా మార్చుకుని, కొడుకు హరికృష్ణ స్టీరింగ్ పట్టగా రాష్ట్రమంతా తిరిగారు. తర్వాత మూడుసార్లు ఆయన్ను అసెంబ్లీకి పంపింది మన హిందూపురమే. అలా రోజూ పరిగెత్తే బండికి వచ్చేవి అరుగుదల జబ్బులు. టైరు అరుగుతుంది, క్లచ్ ప్లేటు అరుగుతుంది. నిలిచిన బండికి వచ్చేవి వేరు, వాటికి వైద్యం కూడా వేరు.

ఆ తేడా నేను ఆర్టీసీ గ్యారేజీలో నేర్చుకున్నాను. 2013లో సమైక్యాంధ్ర సమ్మె నడిచినప్పుడు సీమ బస్సులు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా డిపోల్లోనే నిలిచాయి. అది మనకు వాన పడే కాలం. తుప్పు, తడి, డీజిల్ ట్యాంకులో నీరు, ఇవే అప్పటి భయాలు. పోయినేడు లాక్‌డౌన్‌లో బస్సులు మార్చి 22 జనతా కర్ఫ్యూ నాడు ఆగి, మే 21న గానీ రోడ్డెక్కలేదు. అదీ రెండు నెలలే, కానీ నడి వేసవి. ఆ కాలపు భయాలు బ్యాటరీ ఎండిపోవడం, రబ్బరు పగలడం, దుమ్ము. అందుకే ఎక్కడో చల్లటి దేశంలో ఎవరో చెప్పిన జాగ్రత్తలు మనకు సగమే పనికొస్తాయి. వాళ్ల బెడద గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టడం. మనకు బయట 42 డిగ్రీలుంటే, తలుపులు మూసిన బండి లోపల 60 దాటవచ్చు.

ఎండలో బ్యాటరీ ఎలా చస్తుందో చెప్తాను. వేడి పది డిగ్రీలు పెరిగితే, ఏ పనీ చేయకుండానే బ్యాటరీ దిగిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుంది. అలా దిగి ఖాళీగా ఉండిపోతే సీసం పలకల మీద సల్ఫేటు గట్టిగా పేరుకుంటుంది, తర్వాత ఎంత ఛార్జి చేసినా పాత బలం రాదు. నీ బండిలో రెండు బ్యాటరీలున్నాయి, ఒకటి ఇంజిన్‌ది, ఇంకొకటి లైట్లకు, ఫ్యానుకు, ఫ్రిజ్‌కు. ఇన్వర్టర్ స్విచ్ ఆపినా కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది, కాబట్టి దాని తీగ కూడా విప్పు. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. పలకలు మునిగేలా నీళ్లుండాలి. పోసేది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. బోరునీళ్ల సంగతి నీకు చెప్పనక్కర లేదు, మన బిందెల అడుగున తెల్లటి పొర చూస్తూ పెరిగావు. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు కూడా ఆ పనికి రావు. రేడియేటర్‌కూ అంతే, కూలెంట్‌లో కలపాల్సింది డిస్టిల్డ్ వాటరే.

"మీద సోలార్ పలక ఉంది, ఎండలో నిలిపితే దానంతట అదే ఛార్జి అవుతుంది" అంటావని తెలుసు. మన ఎండను నమ్మే ఎన్.పి.కుంట దగ్గర అంత పెద్ద సోలార్ పార్కు కట్టారు, కాదనను. కానీ ఆ పలక కోసం బండి మొత్తాన్ని ఎండబెడితే టైర్లు, కిటికీ రబ్బర్లు, పైకప్పు అతుకుల సీలెంట్, లోపలి ప్లైవుడ్ అన్నీ పాడవుతాయి. బండి నీడలోనే ఉండనీ. పలకను విప్పి మిద్దె మీద పెట్టి, కంట్రోలర్ ద్వారా తీగ కిందికి దింపు. వారానికోసారి తెల్లవారుజామున తడిగుడ్డతో దుమ్ము తుడువు. మధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలవచ్చు, బోరునీళ్లు ఆరితే మచ్చలు పడతాయి.

ఇదంతా ఇప్పుడు ఎందుకని నీకు అనిపించవచ్చు. టూర్లు లేవు, బేరాలు లేవు. అయినా ఈ నెలలో నల్గొండ జిల్లాలో ఒక కుర్రాడి సంగతి పేపర్లో చదివావా? కరోనా వచ్చి, ఇంట్లో విడిగా ఉండటానికి గది లేక, చెట్టు మీద మంచం కట్టుకుని దాని మీదే రోజులు గడిపాడు. మీ ఇల్లు కూడా ఒకే పడసాల, ఒక వంటిల్లు. అవ్వకు ఎనభై దాటాయి. రేపు మీలో ఒకరికి జ్వరం వస్తే విడిగా పడుకోవడానికి పరుపు, ఫ్యాను, మరుగుదొడ్డి ఉన్న గది మీ వాకిట్లో ఆ బండి ఒక్కటే. నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే. దాన్ని రేపే వాడాల్సి వస్తుందన్నట్టు సిద్ధం చెయ్యి. వాడితే మాత్రం కిటికీలు తెరిచి, ఇంటి కరెంటు లాగి ఫ్యాను వేయాలి. ఏసీ కోసమని ఇంజిన్ నడుస్తుండగా ఎవరూ లోపల పడుకోకూడదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

బండిలోని ఇంటి భాగంలో మొదట నీళ్ల ట్యాంకు సంగతి చూడు. నిలవ నీళ్లు ఈ వేడికి తొందరగా వాసన కొడతాయి. అన్నీ వదిలెయ్యి, వేపచెట్టుకు పోయి. గొట్టాల్లో ఉప్పు పేరుకుని ఉంటే గోరువెచ్చటి నీళ్లలో నిమ్మఉప్పు కలిపి, పంపు ఆడించి, కొన్ని గంటలు ఉంచి వదులు. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, కుళాయిలు తెరిచి ఆరనివ్వు. ఆరిన పంపు వాషర్లు బిగుసుకుపోతాయి కాబట్టి పక్షానికోసారి బకెట్టు నీళ్లు పోసి నిమిషం పాటు ఆడించు. మరుగుదొడ్డి ట్యాంకు ఇప్పటికే ఖాళీ చేసి కడిగావని నమ్ముతున్నాను. ఫ్రిజ్ తలుపు సందులో గుడ్డముక్క పెట్టి తెరిచి ఉంచు. గ్యాసు సిలిండర్ ఈ ఎండల్లో మూసిన బండిలో ఉండటానికే వీల్లేదు. రెగ్యులేటర్ తీసి, సేఫ్టీ క్యాప్ పెట్టి, బయట గాలి ఆడేచోట నిలబెట్టు. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే పైకి పోదు, బండి నేల మీదే పరుచుకుంటుంది. రబ్బరు పైపు మీద తేదీ ఉంటుంది, ఐదేళ్లు దాటితే పారెయ్యి.

ఎలుకల గురించి మీ నాయనతో గట్టిగా మాట్లాడాలి. విత్తనానికి దాచిన చెనిక్కాయల మూటలు బండి నిలిపిన రేకులషెడ్డులోనే ఉన్నాయట కదా. మూటల కోసం వచ్చిన ఎలుక రాత్రికి బానెట్‌లో చేరి వైర్లు కొరుకుతుంది. ఒక తీగ తెగితే అది ఎక్కడ తెగిందో పట్టుకోవడానికే మెకానిక్‌కు రోజు పడుతుంది. మూటలు అక్కడినుంచి తీయించు, లేదా బండినైనా చెట్టు కిందికి మార్చు. సైలెన్సర్ మూతికి, కింది రంధ్రాలకు ఇనుప జల్లెడ కట్టు. స్టార్ట్ చేసే ముందు సైలెన్సర్ జల్లెడ తీయడం మరవకు, మరవకుండా స్టీరింగ్‌కు ఒక చీటీ కట్టు. లోపల బిస్కెట్ ముక్క కూడా ఉండకూడదు. బండి కింద చెయ్యి పెట్టేముందు టార్చి వేసి చూడు. ఈ వేసవికి తేళ్లూ పాములూ నీడకే చేరతాయి.

టైర్లలో గాలి కొంచెం ఎక్కువే పెట్టి, నెలకు రెండుసార్లు పావు చుట్టు కదుపు. ఒకే చోట బరువు పడితే అక్కడ చదునవుతుంది. టైరు పక్కన నాలుగు అంకెలు వెతుకు. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని లెక్క. చెక్కు చెదరకుండా కనపడినా ఆరేడేళ్లు దాటిన టైరును మన ఎండలో నమ్మొద్దు. హ్యాండ్ బ్రేక్ లాగి వదిలెయ్యకు, బ్రేక్ లైనింగ్ డ్రమ్ముకు పట్టేస్తుంది. మొదటి గేరులో వేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టు. డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచు. పైకప్పు అతుకులు ఈ నెలలోనే వేలితో తడిమి చూసి, పగిలినచోట సీలెంట్ పట్టించు. మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే, కానీ సెప్టెంబరులో వచ్చేది ఒక్కరాత్రిలో కుమ్మరించవచ్చు.

కాగితాలు కూడా తీసి చూడు. గత ఏడాది ఫిబ్రవరి 1 తర్వాత గడువు తీరిన ఫిట్‌నెస్, పర్మిట్, లైసెన్సు, ఆర్సీలు ఈ జూన్ 30 దాకా చెల్లుతాయని కేంద్ర రవాణా శాఖ చెప్పింది. ఇన్సూరెన్స్ ఆ జాబితాలో లేదు. నిలిపిన బండే కదా అని దాన్ని వదిలేస్తే, నిప్పంటుకున్నా దొంగలు పడ్డా నీకు దక్కేది ఏమీ ఉండదు. ఆన్‌లైన్‌లో కట్టెయ్యి.

కర్ఫ్యూ ఎత్తేశాక బెంగళూరు హైవే ఎక్కడానికి తొందరపడకు. ముందు చేనిబాట మీద నెమ్మదిగా పోనిచ్చి, నాలుగైదుసార్లు బ్రేకు నొక్కి చూడు, పక్కకు లాగుతోందేమో గమనించు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. రెండేళ్లు దాటి ఉంటే మార్పించు.

ప్రస్తుతానికి ఒక్క పని చెయ్యి. ఆదివారం ఎండ రాకముందే మల్టీమీటరు తీసుకుని రెండు బ్యాటరీలూ కొలువు. ముందురోజు సాయంత్రమే ఛార్జర్ తీసేసి, రాత్రంతా అలాగే ఉంచాలి. 12.7 ఓల్టులు వస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 కంటే తగ్గితే వెంటనే ఛార్జింగ్‌కు పెట్టు. 12 కంటే దిగితే ఛార్జర్ పెట్టేముందు సెల్సులో నీళ్లు చూసి నాకు ఫోన్ చెయ్యి, ఏడింటిలోపు లేచే ఉంటాను.

నీ మామ