ఆటల ఖర్చు

కడప జిల్లాలో వేంపల్లెకు సమీపమున పాపాఘ్ని నది కొండలను చీల్చుకొని ప్రవహించును. ఆ చోటునకే గండి యని పేరు. అచ్చటి ఆంజనేయస్వామి ఆలయమునకు శ్రావణమాసమున పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల నుండి భక్తులు తరలివత్తురు. ఆ కొండల చెంతనున్న పల్లెలో 300 మంది విద్యార్థులుగల ఒక ఉన్నత పాఠశాల యున్నదనుకొందము. దానికి ఆటస్థలము కలదు. ధనము మాత్రము మితము.

2018లో ఆరంభమైన సమగ్ర శిక్షా పథకపు నియమములు ఉన్నత పాఠశాలకు క్రీడాసామగ్రి నిమిత్తము ఏటా 25,000 రూపాయల వరకు ఇయ్యవచ్చునని తెలిపినవి. దానిని 300 మందికి పంచినచో తలకు 83 రూపాయలే. ఈ కొద్ది సొమ్ముతో ఏ యాటను పోషింపవలెను?

కబడ్డీకి సామగ్రియే అక్కరలేదు. మెత్తని నేల, సున్నపు గీతలు చాలును, జట్టునకు ఏడుగురు. ఖోఖోకు రెండు కొయ్య స్తంభములు పాతిన చాలును. వాలీబాలునకు బంతి, వల, 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పుగల స్థలము కావలెను. క్రికెట్టునకు బ్యాట్లు, బంతులు, వికెట్లు, కాళ్లకు ప్యాడ్లు, చేతులకు గ్లౌజులు, తలకు శిరస్త్రాణము వలయును. ఇవిగాక పొరుగూరి పోటీలకు వెళ్లునపుడు బస్సు ఛార్జీలు, భోజనపు ఖర్చులు ఉండనే యున్నవి. జట్టు పెద్దదైన కొలది అవియు పెరుగును.

అయినను, కొనుగోలు ధరను మాత్రమే చూచుట సరియైన లెక్క కాదు. క్రికెట్ సామగ్రిని 12,000 రూపాయలకు కొని, 24 మంది రెండేండ్లు వాడుకొన్నచో, తలకు ఏడాదికి 250 రూపాయలగును. వాలీబాల్ సామగ్రిని 3,000 రూపాయలకు కొని, 24 మంది ఒక యేడాది ఆడినచో 125 రూపాయలు. కబడ్డీ స్థలమునకు ఏడాదికి 600 రూపాయలు వెచ్చించి, 40 మంది ఆడినచో 15 రూపాయలే. కాని పాడగునను భయముతో వాలీబాలును బీరువాలో దాచి, పోటీలకు వెళ్లు ఆరుగురికే ఇచ్చినచో, తలకు 500 రూపాయలు పడును. అప్పుడది క్రికెట్టుకంటె రెండింతలు ఖరీదైన ఆట యగును! బంతి ధర మారలేదు. ఆడినవారి సంఖ్య మారినది.

ఆట యొక్క ఖర్చు ఎల్లకాలము ఒకే తీరున నుండదు. భారత హాకీ జట్టు 1928 మొదలు 1956 వరకు జరిగిన ఒలింపిక్ క్రీడలలో వరుసగా ఆరు స్వర్ణపతకములు గెలిచెను. అవన్నియు పచ్చిక మైదానములలో సాధించినవే. 1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో తొలిసారిగా కృత్రిమ పచ్చికపై హాకీ ఆడించిరి. ఆ యేడు భారత జట్టు ఏడవ స్థానమున నిలిచెను. అట్టి మైదానమును నిర్మించుటకు, నీటితో తడుపుచుండుటకు పెద్ద మొత్తము కావలెను. కఱ్ఱయు బంతియు ఉన్నంతనే చాలునన్న కాలము పోయినది. కబడ్డీ సైతము నేడు పెద్ద పోటీలలో మట్టిపై గాక పరుపులపై ఆడబడుచున్నది.

అట్లని ఖరీదైన యాటను పల్లె పిల్లలు విడిచిపెట్టవలసిన పనిలేదు. 2025లో ప్రపంచ కప్పు గెలిచిన భారత మహిళా క్రికెట్ జట్టులోని శ్రీచరణి కడప జిల్లా బాలికయే. చేతికి బంతి యందనిచో ఆమె ప్రతిభ లోకమునకు తెలిసెడిది కాదు.

కావున పాఠశాల మొదట అందరూ ఆడదగిన కబడ్డీ, ఖోఖో స్థలములను సిద్ధము చేసికొనవలెను. మిగిలిన సొమ్ముతో కొన్న సామగ్రిని బాలురకు, బాలికలకు వంతుల వారీగా ఇయ్యవలెను. వేపచెట్టు నీడన కూర్చుండి చూచువారి సంఖ్య ఎంత తగ్గిన, పాఠశాల సొమ్ము అంత సద్వినియోగమైనట్లు. ఏడాది చివర లెక్క చూచునపుడు ఎంత ఖర్చయ్యెనని మాత్రమే గాక, ఎందరు ఆడిరని కూడ అడుగవలెను.