మత్తుకు బానిసైన రోగి పట్ల మన బాధ్యత

మతిస్థిమితం సరిగా లేని ఒక స్త్రీ దైవప్రవక్త ముహమ్మద్ (స) వద్దకు వచ్చి, తమతో పని ఉందని చెప్పింది. ఆయన ఆమెను కసురుకోలేదు. ఏ వీధిలోకి రమ్మంటే ఆ వీధిలోకే వస్తామని చెప్పి, ఆమె వెంట వెళ్ళి, ఆమె అవసరం తీరే వరకు ఉన్నారు. హజ్రత్ అనస్ (ర) తెలిపిన ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది.

మన మహబూబ్‌నగర్, నల్లగొండ పల్లెల్లో ఇంతటి ఓపిక అవసరమైన రోగులున్నారు. వారు కల్తీ కల్లుకు బానిసలైనవారు. ఆ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలుపుతారు. అలవాటుపడినవారు ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, పొంతన లేకుండా మాట్లాడతారు. 2015 సెప్టెంబరులో అధికారులు కల్తీని అరికట్టినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఎందరో ఇలాగే ఆసుపత్రుల పాలయ్యారు.

ఇటువంటప్పుడు మనలో కొందరు "హరాం తాగాడు, అనుభవించనీ" అని వదిలేస్తారు. మరికొందరు జిన్ను పట్టిందని తాయెత్తు కట్టించి, గదిలో బంధిస్తారు. రెండూ తప్పే. మత్తు హరాం అనడంలో సందేహం లేదు. కానీ మాటిమాటికీ తాగి శిక్ష పొందిన ఒక వ్యక్తిని శపించబోతే దైవప్రవక్త (స) వారించారు (బుఖారీ). అల్లాహ్ ప్రతి రోగానికీ మందు దింపాడని బోధించినదీ ఆయనే. ఇక కట్టివేయడం ఎంత ఘోరమో 2001 ఆగస్టు 6న చూశాం. తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపాన ఒక ఆశ్రయ గృహానికి నిప్పంటుకుని, గొలుసులతో బంధించబడిన 28 మంది రోగులు చనిపోయారు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. మద్యం, మత్తుమందుల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా రోగంగానే గుర్తించింది. కాబట్టి "ముందు తాగుడు మానితేనే వైద్యం" అనే మాటకు మనం తలొగ్గనక్కరలేదు.

మానడం తప్పనిసరి. అయితే ఎలా మానాలో వైద్యుడు చెప్పాలి. ఇంట్లో బలవంతాన మాన్పించకండి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి ఆసుపత్రులకు, లేదా హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి తీసుకెళ్ళండి. ఎన్నాళ్ళుగా, ఎంత తాగుతున్నాడో, షుగర్, బీపీ వంటివి ఉన్నాయో లేదో దాచకుండా చెప్పండి. సలహా కోసం టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. ఫిట్స్ వస్తే ఆలస్యం చేయక 108ను పిలవండి.

బస్సు చార్జీలకు కూడా లేని కుటుంబానికి మస్జిద్ కమిటీ తోడ్పడాలి. దుఆ చేద్దాం, వైద్యమూ చేయిద్దాం. రోగులకు అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.