సభలో అందరి మాటా వినబడాలంటే?

గ్రామసభకు అరవై మంది వచ్చారనుకోండి. సభ గంటసేపు జరిగితే ఒక్కొక్కరి వంతు ఒక్క నిమిషమే! ఒకరు పది నిమిషాలు మాట్లాడితే, మరో తొమ్మిది మంది వంతు పోయినట్లే. ఆసిఫాబాద్ పరిసరాల్లోని షెడ్యూల్డు గ్రామాల్లో భూసేకరణకు ముందు గ్రామసభనో, పంచాయతీనో సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతుంది. అక్కడ నోరు విప్పని వారి భూమి కూడా చర్చలో ఉంటుంది కదా!

ఈ చిక్కుకు 1980లలో అమెరికాలోని ఆరిజోనా విశ్వవిద్యాలయంలో ఒక ఉపాయం చేశారు. సభ్యులందరూ ఒకేసారి తమ అభిప్రాయాలను కంప్యూటర్లలో టైపు చేస్తారు. పేర్లు కనబడవు. సాఫ్ట్‌వేర్ వాటిని అందరికీ చూపి, ఓట్లు లెక్కిస్తుంది. నిర్ణయం మాత్రం మనుషులదే.

మీ తరగతిలోనే ప్రయోగం చేయండి. విహారయాత్ర కుంటాలకా, జోడేఘాట్‌కా? మొదట చేతులెత్తించండి, తరువాత పేరులేని చీటీలు వేయించండి. రెండు లెక్కలూ ఒకటేనా?