ఊరు విడిచి వచ్చినవాళ్ళ మధ్య నేర్చుకున్న పాఠాలు

అరకు, అనంతగిరి కొండల్లో కొన్నాళ్ళు, తర్వాత చింతూరు అడవుల్లో చాలాకాలం స్వచ్ఛంద సంస్థల్లో పనిచేశాను. ఈ తూర్పు కనుమలకు నిర్వాసితులు కొత్త కాదు. మాచ్‌ఖండ్ కరెంటు కోసం జోలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టినప్పుడు ఊళ్ళు మునిగాయి. 1955లో అక్కడ విద్యుత్తు మొదలైంది. మునిగిన ఊళ్ళవాళ్ళు చాలామంది కొండలెక్కి పోడు కొట్టుకుని బతికారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వ అండతో మావోయిస్టుల మీద సల్వాజుడుం అనే సాయుధ దళాల దాడి మొదలయ్యాక, అప్పటి దంతెవాడ జిల్లా నుంచి మురియా ఆదివాసీ కుటుంబాలు సరిహద్దు దాటి చింతూరు, కూనవరం, చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. ఇక్కడివాళ్ళు వాళ్ళను గుత్తికోయలంటారు. ఎక్కువగా వాళ్ళ దగ్గర నేర్చుకున్నవే, ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నాను.

1. బియ్యం దించేముందు మనుషుల్ని లెక్క రాయండి

అడవి లోపలి గుంపు ఏ రికార్డులోనూ ఉండదు. ఎన్ని గుడిసెలు, అయిదేళ్ళలోపు పిల్లలు ఎందరు, గర్భిణులు ఎవరు, నీళ్ళు ఎంత దూరం, ఈ నాలుగూ తెలియకుండా లారీ పంపితే దారి పక్కనున్న గుంపుకి రెండుసార్లు అందుతుంది, వాగు అవతలి గుంపుకి అసలు అందదు. ఎవరికి భయపడి వచ్చారో మాత్రం కాగితం మీద పెట్టకండి. ఆ కాగితం ఎవరి చేతిలో పడినా వాళ్ళకే ముప్పు.

2. మందుకంటే ముందు నీళ్ళు

విపత్తు సాయానికి ప్రపంచమంతా పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్ళుండాలి, అవి ఇంటికి 500 మీటర్ల లోపు దొరకాలి. వేసవిలో వాగు ఇసకలో చెలమ తీసి, గిన్నెతో తోడుకునే ఆడవాళ్ళకి ఆ లెక్క చాలా దూరం. రిజర్వు ఫారెస్టులో బోరు వేయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, అది అంత తేలిగ్గా రాదు. అనుమతి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. చెలమకి సిమెంటు ఒరలు దించి, మూత పెట్టి, క్లోరిన్ కలపడం నేర్పినా విరేచనాలు తగ్గుతాయి. అరకు వైపు కొండ ఊట ఉన్నచోట పైపు వేసి ఊళ్ళోకి దించుకోవచ్చు, మోటారు అక్కర్లేదు.

3. వారం తప్పని వైద్యం

ఎమ్మెస్సెఫ్ అనే అంతర్జాతీయ వైద్య సంస్థ 2006 నుంచి ఈ సరిహద్దు అడవుల్లో సంచార వైద్యశాలలు నడిపింది. ఆ పద్ధతిలో గొప్ప రహస్యమేమీ లేదు: అదే వారం, అదే చెట్టు, అదే వేళ. జ్వరమొచ్చినవాడికి వేలి మీద సూది గుచ్చి ఆర్డీటీ కిట్‌తో పరీక్షిస్తే ఇరవై నిమిషాల్లో మలేరియా తేలుతుంది. ఈ కొండల్లో ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకమే పెద్ద శత్రువు. ఆర్నెల్లు దాటి అయిదేళ్ళలోపున్న బిడ్డ జబ్బకి రంగుల టేపు చుడితే, 11.5 సెంటీమీటర్లకి తగ్గిందంటే అది తీవ్ర పోషకాహార లోపం, ఆ రోజే చికిత్స మొదలుపెట్టాలి. మీరు ఒక్క వారం మానేస్తే, నమ్మి నడిచొచ్చిన తల్లి మళ్ళీ రాదు. తర్వాత ఆ బిడ్డ డోలీలోనే రోడ్డెక్కుతుంది.

4. జీపులో తుపాకీకి చోటివ్వకండి

ఎవరిదైనా సరే. యూనిఫాం ఉన్నవాళ్ళని ఎక్కించుకోకండి, లేనివాళ్ళ కబుర్లు మోయకండి. గాయంతో వచ్చినవాడిని ఎలా తగిలిందని వైద్యానికి అవసరమైనంతే అడగండి. ఈ నియమాన్ని సంత మధ్యలో నిలబడి అందరికీ ఒకే మాటగా చెప్పండి.

5. వాళ్ళ మాట తెలిసినవాళ్ళే మీ సిబ్బంది

మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో ఎంత చెప్పినా తలూపుతారు, అర్థమై కాదు, మర్యాదకి. ఆ గుంపులోనే ఒక ఆడమనిషికి శిక్షణ ఇవ్వండి. బడి సంగతీ అంతే. ఇంట్లో కోయమాట, బడిలో తెలుగు అయ్యేసరికి పిల్లలు ఒకటో తరగతిలోనే ఆగిపోతారు. 2007 డిసెంబరులో శాంతా సిన్హా అధ్యక్షురాలిగా ఉన్న జాతీయ బాలల హక్కుల కమిషన్ ఖమ్మం, దంతెవాడ జిల్లాల్లో తిరిగి ఈ పిల్లల చదువు, ఆరోగ్యం పరిశీలించింది. రెండు భాషలూ తెలిసిన కుర్రాణ్ణి బడిలో పెడితే సగం కష్టం తీరుతుంది.

6. అన్నిటికంటే కష్టం కాగితం

దేశం దాటి వచ్చినవాళ్ళ కోసం ఐక్యరాజ్యసమితికి 1951 నాటి ఒప్పందం ఉంది, భారత్ దాని మీద సంతకం చేయలేదు. దేశంలోపలే చెదిరినవాళ్ళ కోసం 1998లో మార్గదర్శక సూత్రాలు వచ్చాయి గాని, వాటికి చట్టబలం లేదు. అందుకని మన వాదన రాజ్యాంగం మీదే నిలబడాలి: వీళ్ళు ఈ దేశ పౌరులు.

చిక్కు ఎక్కడంటే, షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రానికొకటి. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజనుడైనవాడికి సరిహద్దు దాటితే గిరిజన ధ్రువపత్రం దొరకదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కి ముందునుంచి సాగులో ఉన్నవాళ్ళకే పట్టా ఇస్తుంది. సల్వాజుడుం మొదలైంది ఆ ఏడాది జూన్‌లో. ఆ తర్వాత ఏళ్ళలో వచ్చినవాళ్ళెవరూ ఆ గీత లోపల పడరు. 2011 జులైలో సుప్రీంకోర్టు ఆదివాసీ యువకులకి తుపాకులిచ్చి పంపడం రాజ్యాంగ విరుద్ధమంది, కానీ ఇక్కడి గుడిసెకి పట్టా రాలేదు.

కాబట్టి దొరికే కాగితాలతో మొదలుపెట్టండి: ఆధార్, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, పుట్టిన బిడ్డకి జనన ధ్రువపత్రం. నెలకో సంచి బియ్యం మీరిస్తే ఆ నెలే తింటారు. రేషన్ కార్డుంటే మీరు లేకపోయినా తింటారు.

7. అక్కడున్నవాళ్ళూ పేదలే

వచ్చినవాళ్ళకి మాత్రమే పంచితే పక్క ఊరి కోయలకీ, కొండరెడ్లకీ కడుపు మండుతుంది. వాళ్ళ అడవే పోడుకి పోతోంది, మిరప ఏరే కూలి రేటు పడిపోతోంది. మందులూ నీళ్ళూ ఇద్దరికీ అందేలా పెట్టండి. తగువొస్తే రెండు ఊళ్ళ పెద్దల్నీ కూర్చోబెట్టి మాట్లాడించండి.

8. ఊరు పోకముందే నిలబడితే ఖర్చు తక్కువ

అనంతగిరి మండలంలో బొర్రా చుట్టూ గనుల లీజులు భూముల్ని మింగుతుంటే, సమత సంస్థ అక్కడి గిరిజనుల పక్షాన కోర్టుకెళ్ళింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకి గనుల కోసం లీజుకివ్వరాదని తేల్చింది. గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరులకి పోకుండా ఆపే 1/70 చట్టానికి పెద్ద బలమిచ్చిన తీర్పు అది. గోదావరి పక్క మాత్రం అదే మనుషులు మళ్ళీ మళ్ళీ చెదురుతున్నారు. 2022 జులై వరదలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు తాకింది. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు వైపు టార్పాలిన్లూ బియ్యమూ పంచాం, అవి అవసరమే. కానీ ఈ ఊళ్ళని ముంచబోయే పోలవరం ప్రాజెక్టు పునరావాస జాబితాలో పేరుందో లేదో గ్రామసభలో అడిగించడం అంతకంటే అవసరం.

9. తిరిగి వెళ్ళాలా వద్దా అన్నది మనది కాదు

ఇంటికి వెళ్ళడం, ఉన్నచోటే స్థిరపడడం, మరోచోటికి పోవడం, ఏదైనా వాళ్ళిష్టంగా, భయం లేకుండా జరగాలని ఆ 1998 సూత్రాలు చెబుతాయి. మన పని దారుల సంగతి ఉన్నదున్నట్టు చెప్పడం. బలవంతంగా లారీ ఎక్కిస్తుంటే అడ్డుపడి న్యాయవాదిని పిలవడం కూడా.

10. వచ్చిన రోజునుంచే వెళ్ళే ఏర్పాటు

నిధులు ఎప్పుడో ఆగుతాయి. పీహెచ్‌సీ డాక్టరునీ, ఏఎన్‌ఎంనీ, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ సిబ్బందినీ మొదటినుంచీ మీ జీపులో తీసుకెళ్ళండి. దారి వాళ్ళకీ అలవాటవ్వాలి. డోనరుకి పంపే రిపోర్టులో ఎన్ని కిట్లు పంచామో రాస్తాం. దాని పక్కన ఇంకో గడి గీయండి: ఈ ఏడాది ఎన్ని కుటుంబాలు మన దగ్గరికి రాకుండా నేరుగా పీహెచ్‌సీకి, గ్రామ సచివాలయానికి వెళ్ళి పని చేయించుకున్నాయి? ఏటేటా ఆ అంకె పెరుగుతుంటేనే మీరు సాయం చేస్తున్నట్టు.